ముందు ఆ పొగగొట్టం మార్పించు
బుజ్జీ,

బెంగళూరు కనకపుర రోడ్డులో పాత ఇల్లు అద్దెకు తీసుకుని, శని ఆదివారాలు కట్టెల పొయ్యి మీద రాగిముద్ద భోజనం పెడతావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఉద్యోగం చేసుకునే పిల్లకి ఈ పొగ ఎందుకే అన్నాను గానీ, మా బుజ్జి మెస్ పెడుతోందని సాయంత్రానికల్లా వీధిలో అందరికీ చెప్పేశాను. రాత్రికి టెన్షన్ మొదలైంది.

ఫొటో చూశాను. మూడు గిన్నెల అస్త్ర ఒలె అది, ఒలె అంటే కన్నడంలో పొయ్యి. అక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు పల్లెల కోసం తయారుచేసిన పొయ్యి, మంచిదే. గిన్నెలు కంతల్లో బిగుతుగా కూర్చోవాలి. బీటలకు సిమెంటు వద్దు, వేడికి నిలవదు, ఫైర్ క్లే తెప్పించు. కట్టెల కింది పోత ఇనుప జల్లెడ వంగిపోయింది. కొత్తది వేసేటప్పుడు చుట్టూ కాస్త సందు వదలమను, కాలితే ఇనుము సాగి ఇటుకల్ని నెట్టేస్తుంది. బూడిద ఏ రోజుది ఆ రోజు తీసేయి. పేరుకుంటే కింద గాలి ఆడక జల్లెడ ఎర్రగా కాలి వంగుతుంది.

నా భయమంతా పొగగొట్టం గురించే. బసవనగుడిలో నేను మెస్ నడిపే రోజుల్లో, గొట్టం పొయ్యిలో దిగే చోట తుప్పు పట్టింది. వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. అప్పుడే మార్చాల్సింది. పెళ్లి ఆర్డరు ఉందని రేకు ముక్క చుట్టి సిమెంటు మెత్తించాను. పచ్చి నీలగిరి కట్టెలు కాల్చీ కాల్చీ గొట్టం లోపల మసి, తారు గడ్డకట్టాయి. అదీ దులిపించలేదు. పైగా వాన జల్లు కొడుతోందని కిటికీలు మూసేశాను.

సాయానికి వచ్చే పిల్ల పొద్దుటి నుంచీ తలనొప్పి అంటూనే ఉంది. "పని ఎక్కువైతే నీకెప్పుడూ తలనొప్పే" అని కసిరాను. పాపం, కాఫీ తాగి మళ్లీ పొయ్యి ముందే కూర్చుంది. కాసేపటికి చేతిలో గరిటెతో అలాగే పక్కకి ఒరిగిపోయింది. బయటికి మోసుకొచ్చి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆక్సిజన్ పెట్టాక సాయంత్రానికి కళ్లు తెరిచి, "అక్కా, అన్నం మాడిపోయిందా?" అంది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అన్నారు డాక్టరు. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. పొగ పెద్దగా లేదు కదా, పొయ్యి బాగానే ఉందనుకున్నాను నేను. ఆ పిల్ల మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది బుజ్జీ.

ఎస్‌జేపీ రోడ్డులో హార్డ్‌వేర్ కొట్లకి వెళ్లు. చవకని జింకు పూత గొట్టం తేకు, బాగా కాలితే ఆ పూత నుంచి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకో. పై ముక్క కింది ముక్క లోపలికి దూరాలి, అప్పుడు తారు బయటికి కారదు. బిగించాక మంట వేసి ప్రతి అతుకు దగ్గరా ఊదుబత్తి పట్టుకో. దాని పొగ లోపలికి లాగిందంటే అక్కడ సందు ఉన్నట్టే. కార్బన్ మోనాక్సైడ్‌కి అలారం దొరుకుతుంది, అదీ కొను. కిటికీ మాత్రం ఎంత వానైనా మూయకు. నీ దగ్గర పనిచేసేవాళ్లు తలనొప్పి అంటే ముందు బయటికి పంపు.

డబ్బు చాలకపోతే నాకు చెప్పు, మీ అమ్మకి తెలియనక్కర్లేదు. ఊదుబత్తి పట్టినప్పుడు వీడియో తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే ఎసరు పెట్టు.

పెద్దమ్మ