షోగ్రెన్స్ ఉంటే లింఫోమా వస్తుందా?
అమ్మగారికి షోగ్రెన్స్ (రోగనిరోధక వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథుల మీద దాడి చేసే జబ్బు) ఉందని, లింఫోమా (ఒక రకం తెల్ల రక్తకణాల్లో మొదలయ్యే క్యాన్సర్) గురించి చదివాక నిద్ర పట్టడం లేదని రాశారు. ముందు టెన్షన్ తగ్గించుకోండి. షోగ్రెన్స్ ఉన్నవారిలో జీవితకాలంలో లింఫోమా వచ్చేది వందలో సుమారు 5 నుంచి 10 మందికే. లాలాజల గ్రంథుల్లో బీ కణాలు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) ఏళ్ల తరబడి రెచ్చిపోతూ ఉంటాయి, వాటిలో ఒకటి అదుపు తప్పితే లింఫోమా మొదలవుతుంది. వీళ్లలో ఎక్కువగా కనిపించే, మాల్ట్ అనే రకం లింఫోమా నెమ్మదిగా పెరుగుతుంది.

నాకు దిగులు పుట్టించింది మీరు చివర్లో రాసిన మాట: చెవి కింద వాపు రెండు నెలలుగా తగ్గలేదని. భోజనం వేళ ఉబ్బి, కాసేపటికి దిగిపోయే వాపు వేరండీ. వేలితో తడిమితే గట్టిగా, అలాగే ఉండిపోయేది వేరు. ఈ వారమే రుమటాలజిస్టుకు (కీళ్లు, ఇలాంటి రోగనిరోధక జబ్బులు చూసే డాక్టరుకు) చూపించండి. అల్ట్రాసౌండ్, సీ4 (రోగనిరోధక వ్యవస్థకు చెందిన ఒక ప్రోటీన్) రక్తపరీక్ష, బయాప్సీ అవసరమా అని అడగండి. కాళ్ల మీద ఎర్రటి చుక్కలు, కారణం తెలియని జ్వరం, బరువు తగ్గడం ఉంటే అవీ తప్పక చెప్పండి.