చిన్నీ, కణం చచ్చిందని సంబరపడకు

అమలాపురం

చిన్నీ,

ఊపిరితిత్తుల క్యాన్సర్ మూలకణాల (కణితిని మళ్ళీ మళ్ళీ పుట్టించే కణాల) మీద పీహెచ్‌డీకి చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అదీ డోపమైన్ గ్రాహకాల (డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే ప్రోటీన్ల) దారిలో! వీధిలో నలుగురికీ చెప్పుకుని మురిశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

కణాలు చేతికొచ్చిన రోజే, అవి నువ్వు అడిగినవేనా అని డీఎన్‌ఏతో తేల్చే ఎస్‌టీఆర్ పరీక్ష చేయించు. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చొరబడిందేమో చూడు. ఏ రోజు పని ఆ రోజే రాసుకో. వేళకి తిను.

అసలు సంగతి వేరే ఉంది. మా రోజుల్లో ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు, మహా చురుకు. కణాల మీద డోపమైన్ పోశాడు, తెల్లారేసరికి అన్నీ చచ్చాయి. గ్రాహకం వల్లేనని రాసేసుకున్నాడు. గిన్నెలో కణాలు పెరిగే ద్రవం, అదే మీడియం, నల్లబడింది కదా, అదేంటని అడగలేదు. తరిగిన అరటికాయ ముక్క గాలికి నల్లబడదూ? ఇంచుమించు ఆ రసాయనమే. డోపమైన్ ఆక్సీకరణ చెందుతుంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, కణాల్ని చంపింది అది. చివరికి ఒక ముసలి టెక్నీషియన్ "క్యాటలేజ్ కలిపి చూడు బాబూ" అన్నాడు. ఆ పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే ఎంజైము అది. కలిపితే కణాలు నిక్షేపంలా బతికాయి. థీసిస్ సగం చెత్తబుట్టలోకి పోయింది. అతను మందుల కంపెనీలో అమ్మకాలకి వెళ్ళిపోయాడు. ఎక్కడైనా కనిపిస్తే పిల్లల చదువుల గురించే మాట్లాడతాడు, ల్యాబ్ ఊసెత్తడు.

అందుకే చెప్తున్నా, జన్యువుల్ని కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో డీ2 అనే డోపమైన్ గ్రాహకం జన్యువు తీసేసిన కణాలు పక్కన పెట్టుకో. వాటినీ మందు అలాగే చంపితే దాని దారి వేరే. ఓఎన్‌సీ201 అనే క్యాన్సర్ మందుని మొదట డీ2ని అడ్డుకునే మందనే అన్నారు. తర్వాత మైటోకాండ్రియాలో క్లిప్‌పీ అనే ఎంజైమును రెచ్చగొడుతుందని కూడా తేలింది. ఇంకో తిరకాసు. ఎలుకల్లో డీ2ని ప్రేరేపించే మందులు ఊపిరితిత్తి కణితికి రక్తనాళాలు పెరక్కుండా ఆపాయి. డోపమైన్ గ్రాహకాల్ని అడ్డుకునే థయోరిడజీన్ ల్యుకేమియా (రక్త క్యాన్సర్) మూలకణాల్ని దెబ్బతీస్తుందని 2012లో కెనడా మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. ప్రేరేపించాలా, అడ్డుకోవాలా? ఏ కణంలో? ముందది తేల్చుకో.

ఆ థయోరిడజీన్ పేరు వింటే నాకు ఇప్పటికీ గుండె దడ. మానసిక రోగులకి ధారాళంగా రాసేవాళ్ళు. ఈసీజీలో క్యూటీ (గుండె ఒకసారి కొట్టుకుని తేరుకునే సమయం) సాగి, గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉందని 2005లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. గిన్నెలో కణాలకి గుండె ఉండదే పిచ్చిదానా! నువ్వు పోసే మోతాదు మనిషి రక్తంలో చేరగలదో లేదో లెక్క కట్టకుండా ఒక్క వాక్యం రాశావా, ఊరుకోను.

మీ తాతయ్య లంక పొగాకు చుట్ట వదల్లేదు. ఎక్స్‌రే తీసేసరికే ఆలస్యమైంది. ఆ దగ్గు విన్నవాళ్ళం కాబట్టి, మందు దొరికిందంటే నమ్మడానికి ఇక్కడ అందరం సిద్ధంగానే ఉంటాం. అందుకే ఊరొచ్చినప్పుడు నోరు జారకు.

ఆత్రేయపురం పూతరేకులు పంపుతున్నా. ల్యాబ్ ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకు.

మీ పెద్ద మావయ్య