అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు: అమ్మవారా, కాక్సాకీ వైరసా?

కోనసీమలో అంగన్‌వాడీకి వెళ్లే మూడేళ్ల పాపకు జ్వరం, నోట్లో పుళ్లు, అరచేతుల్లో పొక్కులు వస్తే ఆటలమ్మేనా అని అడిగారు. ఆటలమ్మ ఎక్కువగా పొట్ట, వీపు, ముఖం మీద లేస్తుంది, బాగా దురద పెడుతుంది. అరచేతులు, అరికాళ్లు, నోరు, పిరుదులు అంటే చాలావరకు చేయి-కాలు-నోరు జబ్బే. కారణం కాక్సాకీ వైరస్‌లో ఎ16, ఎ6 రకాలు, కొన్నిసార్లు అదే కుటుంబానికి చెందిన ఎంటెరోవైరస్ 71. (1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని కాక్సాకీ ఊరి పిల్లల్లో దొరికింది కాబట్టి ఆ పేరు.)

యాంటీబయాటిక్ పనిచేయదు. జ్వరానికి పారాసిటమాల్, కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. ఆస్పిరిన్ వద్దు. అసలు ఇబ్బంది మింగలేక ఒంట్లో నీరు తగ్గడం. చల్లారిన సగ్గుబియ్యం జావ, లేత కొబ్బరి నీళ్లు, పెరుగన్నం చెంచాతో పట్టండి.

శానిటైజర్‌ను నమ్ముకోకండి. ఈ వైరస్‌కు కొవ్వు పొర లేదు, ఆల్కహాల్‌కు సరిగా లొంగదు. సబ్బు, పారే నీరు కావాలి. బొమ్మలకు లీటరు నీటిలో 3-4 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్. తేమ తగిలి గడ్డకట్టినది దండగ. మలంలో వైరస్ వారాల తరబడి వస్తుంది, పొక్కులు మానినా చేతులు కడగడం ఆపకూడదు.

నెల తర్వాత గోళ్లు ఊడితే కంగారొద్దు, కొత్తవి వస్తాయి. నిద్రలో ఉలిక్కిపడుతూ అదరడం, ఆగని వాంతులు, తూలడం, ఆయాసం, ఎనిమిది గంటలు మూత్రం రాకపోవడం కనిపిస్తే రాత్రయినా ఆసుపత్రికే. కాక్సాకీ వైరస్‌లోనే బి అనే మరో గుంపు రకాలు గుండె కండరాన్నీ వాచేలా చేయగలవు.