నియాన్ బోర్డులో చివరి అక్షరాలు మసకబారుతుంటే

మీ టిఫిన్ సెంటర్ బోర్డులో మొదటి మాట బాగా వెలిగి, చివరి అక్షరాలు మసకగా ఉన్నాయనీ, 5 ఆంపియర్ల అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత కాలుతోందనీ రాశారు కదండీ. అక్షరాల్లో వెలిగే ఎల్‌ఈడీ స్ట్రిప్ అప్పుడే మార్చకండి, డబ్బు దండగ.

12 వోల్టుల ఎల్‌ఈడీ నియాన్ ఫ్లెక్స్ (అదే, వంచి అక్షరాలు చేసే ఆ స్ట్రిప్) మీటరుకు 10 వాట్లు లెక్కేసినా, మీ 8 మీటర్లకు 80 వాట్లు. అంటే సుమారు 6.7 ఆంపియర్లు. ఆ అడాప్టర్ ఎలా మోస్తుంది? 10 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (మెయిన్ కరెంటును 12 వోల్టులకు మార్చే పవర్ సప్లై డబ్బా) తీసుకుని, గాలి ఆడే చోట బిగించండి.

మసకకు అసలు కారణం మాత్రం వైరింగే. అక్షరాలన్నీ ఒకదాని తోకకు ఇంకొకటి కలిపారు, పైగా కౌంటర్ నుంచి 5 మీటర్లు సన్నటి 0.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటరు) వైరు. దారిలోనే దాదాపు 2 వోల్టులు పోతాయి. ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు వెనక్కి తెచ్చి, ప్రతి మాటకూ విడిగా 1.5 స్క్వేర్ ప్లస్, మైనస్ వైర్లు ఇవ్వండి. బోర్డు వెలుగుతుండగా చివరి అక్షరం దగ్గర మల్టీమీటర్ పెట్టండి, 11.5 వోల్టుల కంటే తక్కువ చూపిస్తే ఏదైనా జాయింట్ వదులుగా ఉందేమో చూడండి.

టంకం వేసిన చోట పచ్చగా చిలుము కనిపిస్తోందా? జాయింట్లు మూయడానికి వాడే సిలికాన్ సీలెంట్లలో వెనిగర్ వాసనొచ్చే రకం రాగిని తినేస్తుంది. కోసి, కొత్తగా టంకం వేసి ఆ వాసన రాని న్యూట్రల్ క్యూర్ రకం సిలికాన్‌తో మూయండి. ముందు మెయిన్ ఆపడం మరవకండి.