జవాబు నిలిచే చోటు కట్టు

చిరంజీవి అమ్ములుకి,

మామయ్య ఆశీస్సులు. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఎవరైనా తీసి వాడుకునేలా నువ్వు రాసిన కోడ్, అదే నీ లైబ్రరీ, వాడేవాళ్లంతా కలుసుకునేలా ఒక సైట్ కడతానని రాశావు, చాలా సంతోషం. ముందు వాట్సాప్ గ్రూపు పెడతానన్నావే, అది మాత్రం వద్దమ్మా. నేను అదే చేశాను. మూడేళ్లు ఒకే జవాబును మళ్లీ మళ్లీ రాశాను. అందులో ఒక్కటీ గూగుల్‌లో వెతికేవాళ్లకి దొరకలేదు. ఫోను మార్చాక నాకూ దొరకలేదు.

నీ లైబ్రరీ ఎందుకో మొదటి పేజీలోనే చూపించు. ‘తెలుగు’ అన్న మాట పొడవెంతని పైథాన్‌ని అడిగితే 6 అంటుంది, గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కేస్తుంది కాబట్టి. మన కంటికి కనిపించేవి మూడే అక్షరాలు. నీ లైబ్రరీ 3 అని చెబుతుంది. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టు, వచ్చినవాడికి ఇంకే పరిచయమూ అక్కర్లేదు.

పైథాన్‌లో గ్రాఫులు గీసే లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఉంది కదా, దాని సైట్‌లోని గ్యాలరీ ఒకసారి తీరిగ్గా చూడు. అన్నీ బొమ్మలే. నచ్చినదాన్ని నొక్కితే దాన్ని గీసిన కోడ్ మొత్తం వస్తుంది. అంకెలు మార్చుకుంటూ నేనా లైబ్రరీ నేర్చుకున్నది అక్కడే. వాడేవాళ్లు పంపే ఉదాహరణలకి నువ్వూ అలాంటి చోటివ్వు. పంపినవాళ్ల పేరు కూడా పక్కనే వెయ్యి. తన పేరు చూసుకున్నవాడు మళ్లీ వస్తాడు.

ప్రశ్న అడిగే ఫారంలో వెర్షన్ నంబరు, ఎర్రర్ మెసేజ్ తప్పనిసరి చెయ్యి. మెసేజ్ టైపు చేసో కాపీ చేసో పెట్టమను, ఫొటోలో ఉన్నది వెతికితే దొరకదు. కొత్తవాళ్లని ఎవరైనా ‘ముందు డాక్యుమెంటేషన్ చదువుకో’ అని విదిలిస్తే మాత్రం ఊరుకోకు. చదివినా అర్థం కాలేదంటే రాసిన తీరులోనే లోపముంది. జవాబిచ్చిన రోజే డాక్యుమెంటేషన్‌లో ఆ పేజీ దిద్దు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే.

ఇంకొకటి. సైట్ డొమైన్, సర్వర్, లైబ్రరీని అందరూ దించుకునేలా పెట్టే పైపీఐ ఖాతా, వీటి తాళాలు నీ ఒక్కదాని దగ్గరే ఉంచుకోకు. మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను గీసి చూసుకోవడానికి జాన్ హంటర్ మ్యాట్‌ప్లాట్‌లిబ్ మొదలుపెట్టాడు. 2012లో, 44 ఏళ్లకే పోయాడు. తోటివాళ్లు అందుకున్నారు కాబట్టే నిన్న కూడా నేను దాంతో పని చేసుకున్నాను. పోయిన నెల నీ కోడ్‌లో రెండు తప్పులు దిద్ది పంపాడని చెప్పావే, ఆ విజయవాడ అబ్బాయిని తాళాలు తన దగ్గరా ఉంచుకుంటాడేమో అడిగి చూడు.

మీ మామయ్య