బొమ్మలమ్మి పాపను కాలేజీకి పంపొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా, నమస్తే. అమెరికాలో ఉంటున్నాను, 38 ఏళ్లు, జీతం ఏడాదికి 1,10,000 డాలర్లు. తొమ్మిదేళ్లుగా స్టార్ వార్స్ యాక్షన్ ఫిగర్లు సేకరిస్తున్నాను. మొదట స్టార్ వార్స్ బొమ్మలు చేసిన కెన్నర్ కంపెనీ కాలం నాటి విడి బొమ్మలు 60 దాకా ఉన్నాయి. ఇప్పటి బ్లాక్ సిరీస్, వింటేజ్ కలెక్షన్‌వి సీలు తీయనివి 400 దాటాయి, వాటిలో 90 అదనంగా కొన్న రెండో కాపీలు. మొత్తం 31,000 డాలర్లు పెట్టి ఉంటాను, ఇప్పటికీ నెలకు 450 అవుతోంది. క్రెడిట్ కార్డు మీద 7,400 బాకీ ఉంది, వడ్డీ 22 శాతం, నెలనెలా 200 కడుతున్నాను. 401కెలో (ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు ఖాతా) నేను వేసేది 3 శాతం, కంపెనీ 5 శాతం దాకా సమానంగా కలుపుతుంది. మా పాపకు ఆరేళ్లు. మా ఆవిడ ఇదంతా దండగ అంటుంది, నేను పెట్టుబడి అంటాను. 2024లో ఒక బోబా ఫెట్ బొమ్మ 5,25,000 డాలర్లు పలికింది కదా! పాప కాలేజీ నాటికి ఇవి అమ్మితే సరిపోతుందా? ఇంకో మాట, వినైల్ కేప్ (ప్లాస్టిక్ అంగీ) ఉన్న పాత కెన్నర్ జావా బొమ్మ ఒకటి 1,800కి వస్తోంది, కార్డు మీద కొనెయ్యనా? వదిలేస్తే మళ్లీ దొరకదు.

జవాబు: తమ్ముడూ, అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. ముందు జావా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఈ ఉత్తరం నువ్వు చదివేలోపే కొనేస్తావేమోనని నా భయం. కొనకు. కార్డు మీద అసలే కొనకు. కారణం కింద చెప్తాను.

ఇక మీ ఆవిడ మాట, నీ మాట. ఇద్దరివీ నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కావడం లేదు. దండగ కాదు, తొమ్మిదేళ్లు ఒక మనిషికి సంతోషం ఇచ్చిన వస్తువును దండగ అని నేను అనను. కానీ పెట్టుబడీ కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ముగ్గురు నలుగురు ఈ బొమ్మల వాళ్లే, వాళ్ల లెక్కలు చూసి చూసి నాకూ కొంత ఒంటబట్టింది. అందుకే ఆ బోబా ఫెట్ దగ్గర మొదలుపెడతాను, నీ ఆశంతా దాని మీదే ఉన్నట్టుంది.

ఆ 5,25,000 డాలర్ల బొమ్మ అసలు ఏ దుకాణంలోనూ అమ్మింది కాదు. 1979లో కెన్నర్ వాళ్లు వీపు నుంచి రాకెట్ దూసుకెళ్లే బోబా ఫెట్‌ను పోస్టులో పంపిస్తామని ప్రకటించారు. ఆ రాకెట్ పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో ఆ ఏర్పాటు మానేసి, రాకెట్ కదలకుండా అతికించేసిన బొమ్మనే పిల్లలకు పంపారు. మిగిలినవి కంపెనీ లోపల తయారైన కొద్దిపాటి నమూనాలు. నువ్వు చెప్పింది వాటిలో ఒకటి, చేత్తో రంగులు వేసినది. 2019లో అలాంటి ఇంకో నమూనా 1,85,850 డాలర్లు పలికింది. ఇవి ఫ్యాక్టరీ గోడ దాటి వచ్చిన వస్తువులు, వాటి ధరను చూసి నీ అల్మారాలో ఉన్నవాటికి లెక్క కట్టకూడదు.

మరి దుకాణంలో అమ్మిన పాత బొమ్మలకు కూడా ధర ఉంది కదా అంటావు. ఉంది. ఎందుకుందో చూడు. 1977 మేలో మొదటి స్టార్ వార్స్ సినిమా వచ్చింది, ఆ క్రిస్మస్‌కు కెన్నర్ దగ్గర బొమ్మలు తయారుగా లేవు. చేసేదేం లేక ఖాళీ పెట్టెలో ఒక సర్టిఫికెట్ పెట్టి అమ్మారు, అది పోస్టులో పంపితే మరుసటి ఏడాది నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయని. ఇంత ఎదురుచూసిన పిల్లలు ఏం చేస్తారు? అట్ట చించారు, ఇసుకలో ఆడారు, వేలెడంత లేని తుపాకులు పారేసుకున్నారు, కుక్క కొరికింది, అమ్మ చెత్తలో వేసింది. ఎవరూ దాచలేదు. దాచిన నలుగురి దగ్గరున్నది ఇప్పుడు నలభై వేలమందికి కావాలి. 1985లో వచ్చిన ఆఖరి విడత కథ ఇంకోలా ఉంది. అప్పటికి పిల్లల మోజు తగ్గిపోయింది, దుకాణాల వాళ్లు తక్కువ తెప్పించుకున్నారు, కొన్నవాళ్లూ తక్కువే. యాక్ ఫేస్ అనే బొమ్మనైతే అమెరికా దుకాణాల్లో పెట్టనే లేదు. ఇప్పుడు వాటి కోసం కొట్టుకుంటున్నారు.

1999లో సరిగ్గా దీనికి వ్యతిరేకం జరిగింది. ఆ ఏడాది మే 3న కొత్త సినిమా బొమ్మల కోసం జనం అర్ధరాత్రి దుకాణాల ముందు నిలబడ్డారు. పాత బొమ్మలు వేలు పలుకుతున్నాయని అందరూ వినే ఉన్నారు, కాబట్టి అందరూ దాచారు. కంపెనీ కూడా కుప్పలు తెప్పలుగా తయారుచేసింది. నా దగ్గరికి వచ్చే ఒకాయన గ్యారేజీలో అప్పటివి ఆరు అట్టపెట్టెలు ఉండేవి, ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరం కూర్చుని తెరిచాం. పైపెట్టెలో వాటికి బబుల్, అంటే బొమ్మ మీద ఉండే పారదర్శక ప్లాస్టిక్ తొడుగు, తేనెరంగుకు తిరిగింది, గ్యారేజీ ఎండకు అట్టలు అంచుల దగ్గర అప్పడంలా వంకర పోయాయి, ఒక డార్త్ మాల్ బబుల్ జిగురు వదిలేసి చేతిలోకి ఊడి వచ్చింది. అన్నీ అమ్మితే కొన్న ధర కూడా రాలేదు, ఆయన మాట్లాడకుండా అట్టపెట్టె మూత మూసేసిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. దాచిపెట్టడం ఒక్కటే ఆస్తి కాదని ఆ రోజు నాకు బాగా అర్థమైంది. పక్కింటివాడు దాచకపోతేనే నువ్వు దాచినదానికి విలువ. ఇప్పుడు నీలాగే సీలు తీయకుండా దాచేవాళ్లు ఎంతమందో నాకంటే నీకే బాగా తెలుసు.

పైగా ఇప్పటి బొమ్మలకు ఇంకో గండం ఉంది. అచ్చు ఇప్పటి కంపెనీ హాస్‌బ్రో దగ్గరే ఉంటుంది, గిరాకీ కనిపిస్తే మళ్లీ పోస్తుంది. 2019లో హాస్‌బ్రో బ్లాక్ సిరీస్‌లో పాతవాటిని ఆర్కైవ్ పేరుతో తిరిగి తెచ్చింది, అదే ఏడాది కెన్నర్ తరహా బొమ్మలనే రెట్రో కలెక్షన్‌గా వదిలింది. 80 డాలర్లు పలుకుతున్న బొమ్మ మళ్లీ దుకాణంలోకి 25కి వస్తుందన్న వార్త చాలు, ధర పడిపోతుంది.

చేతికి ఎంత వస్తుందో కూడా ఒక్కసారి కాగితం మీద వేసుకో. 20 డాలర్లకు కొన్న బ్లాక్ సిరీస్ బొమ్మ పదేళ్ల తర్వాత 35 పలికిందనుకో, అమ్మిపెట్టే వెబ్‌సైటు దాదాపు నాలుగున్నర తీసుకుంటుంది, పోస్టుకు 9, పెట్టెకూ చుట్టే కాగితానికీ ఒకటిన్నర. మిగిలేది 20. పదేళ్ల తర్వాత నీ 20 నీకొచ్చాయి, మధ్యలో పెరిగిన ధరలకు ఒక్క పైసా రాలేదు. లాభం వస్తే పన్ను ఉంటుంది. షేర్లను ఏడాదికి పైగా ఉంచి అమ్మితే ఫెడరల్ పన్ను రేటు ఎక్కువలో ఎక్కువ 20 శాతం అయితే, సేకరణ వస్తువుల మీద 28 దాకా ఉండొచ్చు. నష్టం వస్తేనో, సరదాకు కొన్న వస్తువు కాబట్టి ఆ నష్టాన్ని పన్నులో తగ్గించుకోనివ్వరు. కొన్న రసీదులు మాత్రం అన్నీ దాచు, లాభం ఎంతో నిరూపించుకోవాల్సింది నువ్వే. ఐఆర్ఏ (సొంతంగా తెరుచుకునే రిటైర్మెంటు ఖాతా) డబ్బుతో ఇలాంటివి కొనొచ్చా అని కొందరు అడుగుతుంటారు, వద్దు. సేకరణ వస్తువుగా లెక్కేస్తే ఆ డబ్బు అకౌంటులోంచి బయటికి తీసినట్టే చూసి పన్ను వేస్తారు.

ఇప్పుడు నిన్ను నిజంగా తినేస్తున్నది ఏమిటో చెప్తాను, అది బొమ్మలు కాదు. 7,400 మీద 22 శాతం అంటే నెలకు 135 డాలర్లు వడ్డీకే పోతున్నాయి. నువ్వు కట్టే 200లో అసలుకు చేరేది 65. ప్రతి నెలా ఐదు కొత్త ఫిగర్లు కొని, ఇంటికి తేకుండా రోడ్డు మీద వదిలేసి వచ్చినంత. దానికి తోడు 401కెలో నువ్వు వదిలేస్తున్న 2 శాతం. అది ఏడాదికి 2,200 డాలర్లు, నీ కంపెనీ ఇస్తానంటుంటే నువ్వు వద్దంటున్నావు. ఏ జావా కూడా కొన్న రోజునే రెట్టింపు కాదు, ఇది అవుతుంది. నీ ఉత్తరం చదువుతుంటే నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ వేసింది ఇక్కడే.

కాబట్టి ఈ జీతం నుంచే 401కె 5 శాతానికి పెంచు. పన్ను పోను చేతికి వచ్చేదానిలో నెలకు 140 డాలర్ల దాకా తగ్గుతాయి. కార్డు బాకీ తీరేదాకా కొత్త బొమ్మ ఒక్కటి కూడా వద్దు, ముందస్తు ఆర్డర్లు ఉంటే వెంటనే రద్దు చెయ్. రెండో కాపీలు 90 ఉన్నాయన్నావు కదా, వాటిని అమ్మేయ్. ఒక్కోదానికి చేతికి 20 చొప్పున వచ్చినా 1,800, జావాకు అడిగిన డబ్బు సరిగ్గా అంతే. అది కార్డుకు కట్టు. బాకీ 5,600కు దిగుతుంది. నువ్వు కడుతున్న 200, బొమ్మలకు పెడుతున్న 450 కలిపి, 401కెకు పోయిన 140 తీసేస్తే నెలకు 510. ఈ లెక్కన 13 నెలల్లో కార్డు సున్నా అవుతుంది. ఒక్కొక్కటే ఫోటో తీసి, వివరం రాసి, పెట్టెలో సర్ది పంపడం విసుగే, నెలకు పదిహేను పెట్టుకో, చాలు. విసుగేసి మొత్తం లాటుగా ఎవరికో అప్పజెప్పకు, లాటుగా కొనేవాడు సగం ధర కంటే ఎక్కువ ఇవ్వడు.

కార్డు తీరాక ఆ 510 ఉంటాయి కదా. అందులో 150 నీ బొమ్మలకు, అడగకుండానే ఇచ్చేస్తున్నాను, మీ ఆవిడకు కూడా నా మాటగా చెప్పు. మిగతా 360 మొదటి ఏడాది ఎమర్జెన్సీ కోసం పక్కన పెట్టు, ఇప్పుడు నీ దగ్గర అది ఉన్నట్టు ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. అప్పటికి పాపకు ఎనిమిదేళ్లు. అక్కడి నుంచి పదేళ్లు ఆ 360 పాప పేరున 529 ప్లాన్ అనే చదువు పొదుపు ఖాతాలో వేస్తే, నువ్వు వేసినదే 43,200 అవుతుంది. పెరిగేది దాని మీద, చదువుకు వాడితే ఆ పెరిగినదానికి ఫెడరల్ పన్ను కూడా ఉండదు. కాలేజీ మొత్తానికి సరిపోతుందని చెప్పను. కానీ పాపకు పద్దెనిమిదేళ్లు వచ్చిన ఏడాది, ఆగస్టులో ఫీజు కట్టాల్సిన వారం, ఆ డబ్బు కచ్చితంగా తీసుకోవడానికి వీలుగా ఉంటుంది. 400 బొమ్మలు ఆ వారంలో అమ్ముడుపోవు.

ఇక జావా. 1978లో కెన్నర్ వాళ్లు మొదట దీనికి వినైల్ కేప్ వేశారు. ఇంత చిన్న బొమ్మకు అదే డబ్బు పెట్టాలంటే వస్తువు చవకగా కనిపిస్తోందని కొద్దికాలంలోనే గుడ్డ అంగీకి మార్చారు. అందుకే వినైల్‌ది అరుదు, అందుకే దొంగది కూడా ఎక్కువ. ఒబీ వాన్ బొమ్మ వినైల్ కేప్‌ను కత్తిరించి జావాకు తొడిగి అమ్మేవాళ్లు ఉన్నారు, ఈ రోజుల్లో కొత్తగా అచ్చు పోసినవి కూడా తిరుగుతున్నాయి. విడిగా ఉన్న జావాకు ఏఎఫ్ఏ లాంటి సంస్థ అసలుదేనని పరీక్షించి ఇచ్చే గ్రేడింగ్ లేకుండా, అమ్మేవాడి మాట మీద 1,800 పెట్టడం నీలాంటి అనుభవం ఉన్నవాడు చెయ్యాల్సిన పని కాదు. 'మళ్లీ దొరకదు' అనేది అమ్మేవాడి మాట తమ్ముడూ. మళ్లీ దొరుకుతుంది, గ్రేడ్ అయిన జావాలు వేలంలో వస్తూనే ఉంటాయి, అప్పు లేని రోజున నీ 150ని ఏడాది కూడబెట్టుకుంటే అదీ నీ డబ్బే.

కెన్నర్ విడి బొమ్మలు మాత్రం అమ్మకు. నా దృష్టిలో నీ సేకరణలో ప్రాణం అక్కడే ఉంది. మొదటి మూడు సినిమాలకు వచ్చినవి అన్నీ కలిపినా వందకు కాస్త తక్కువే, నీ దగ్గర 60 ఉన్నాయి అంటే సగం దాటావు. బ్లాక్ సిరీస్‌లా ఏడాదికేడాది అంతులేకుండా వచ్చే వరసను పూర్తి చెయ్యడం ఎవరి తరమూ కాదు, దీనికైతే ఒక చివర ఉంది. ఉన్నవాటికి ఆయుధాలు అసలువేనా చూసుకో, నకిలీ తుపాకీ పట్టిన అసలు బొమ్మకు కొనేవాడు ధర సగం చేసి అడుగుతాడు. ప్రతిదానికీ ముందూ వెనకా ఫోటో తీసి, ఎప్పుడు ఎంతకు కొన్నావో ఒక షీటులో రాయి. బొమ్మ మీద ఉండే కాపీరైటు అచ్చు ఫోటో కూడా తీయి. ఇంటి బీమాలో సేకరణ వస్తువులకు పరిమితి ఉంటుంది, నీ పాలసీలో ఎంతో ఫోన్ చేసి కనుక్కో. 60 పాత బొమ్మలకు విడిగా బీమా తీసుకోవాలో లేదో ఆ షీటు చూసి చెప్తాను, నాకు పంపు. ఎండ తగిలే అల్మారాలో ఉంటే మాత్రం ఈ రాత్రే మార్చు.