కుక్క తామరకు ఇచ్చే మాత్రలను బొచ్చు మొలవగానే ఆపేయవచ్చా?

మీ లాబ్రడార్‌కు ముఖం మీదా ముంగాళ్ల మీదా గుండ్రంగా బొచ్చు రాలిందనీ, పరీక్షలో తామర అని తేలితే డాక్టరుగారు ఫంగస్‌ను చంపే ఇట్రాకొనజోల్ మాత్రలు రాశారనీ, రెండు వారాలకే బొచ్చు మొలుస్తోంది కాబట్టి కాలేయం పాడవకముందే మాత్రలు ఆపేయవచ్చా అనీ అడిగారు. దయచేసి డాక్టరుగారు చెప్పేదాకా ఆపవద్దు. నేను పశువైద్యురాలిని కాను. కాకినాడలో మా స్పిట్జ్‌కు ఇదే జబ్బు వచ్చినప్పుడు దగ్గరుండి చివరిదాకా వైద్యం చేయించాను కాబట్టి, నేను చూసినదీ మా డాక్టరుగారు వివరించినదీ కలిపి చెబుతున్నాను.

కుక్కల్లో తామరకు ఎక్కువగా కారణమయ్యే మైక్రోస్పోరమ్ కేనిస్ అనే ఫంగస్ వెంట్రుకల్లోనూ, చర్మం పైపొరలోని మృతకణాల్లోనూ బతుకుతుంది. మందు పనిచేయడం మొదలుపెట్టగానే వాపు, ఎరుపు తగ్గి కొత్త బొచ్చు వస్తుంది గానీ, పాత వెంట్రుకల మీద ఫంగస్ బీజాలు ఇంకా మిగిలే ఉంటాయి. మా కుక్క చర్మం చూపుకు పూర్తిగా బాగైన తరువాత డాక్టరుగారు కొత్త టూత్‌బ్రష్‌తో దాని ఒళ్లంతా దువ్వి, అంటుకున్న వెంట్రుకలను కల్చర్‌కు, అంటే ఫంగస్‌ను పెంచి చూసే పరీక్షకు, పంపించారు. పసుపు రంగులో ఉండవలసిన ఆ కల్చర్ పదార్థం ఎర్రబడి, దాని మీద తెల్లని దూదిలాంటి బూజు పెరగడం నేను కళ్లారా చూశాను. అంటే ఫంగస్ ఇంకా బతికే ఉందన్నమాట, అందువల్ల మాత్రలు కొనసాగించి, తరువాతి కల్చర్‌లో ఏమీ పెరగలేదని తేలాకనే ఆపారు. ఈ ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు కాబట్టి, ఆ పరీక్ష ఎప్పుడు చేయిస్తారో మీ డాక్టరుగారిని ఇప్పుడే అడగండి. మీ ఊళ్లో ఆ సౌకర్యం లేకపోతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో విచారించవచ్చు.

కాలేయం గురించి మీకున్న భయం అర్థం లేనిది కాదు. పాత మందైన కీటోకొనజోల్‌తో పోలిస్తే ఇట్రాకొనజోల్‌ను కుక్కలు బాగానే తట్టుకుంటాయి గానీ, దానితో కూడా కొన్నిటికి కాలేయం దెబ్బతినవచ్చు. కాబట్టి మొదలుపెట్టే ముందూ, మందు నడుస్తున్నంత కాలం మధ్యమధ్యా రక్తపరీక్ష చేయించడం మంచిది. తిండి మానేయడం, వాంతులు, మందకొడితనం, చిగుళ్లూ కళ్లూ పచ్చబడటం, కాళ్లు వాయడం వంటివి కనిపిస్తే మరుసటి మోతాదు వేయకుండా వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేయండి. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు, అంటే 20 కిలోల కుక్కకు 100 మిల్లీగ్రాములు. మా స్పిట్జ్ చిన్నది, క్యాప్సూల్‌ను కంటి అంచనాతో పంచడం కుదరదు కాబట్టి కొలిచి పోసే ద్రవరూపంలో రాశారు. క్యాప్సూల్ అయితే తిండితో కలిపి ఇస్తేనే ఒంటికి బాగా పడుతుంది, ద్రవమందు ఖాళీ కడుపుతో ఇస్తే మేలు. గ్యాస్ తగ్గించే మాత్రలు ఇస్తే క్యాప్సూల్‌లోని మందు సరిగా పట్టదు.

మన దగ్గర పిడుదులకనో గజ్జికనో ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చేయించడం పరిపాటి. ఇట్రాకొనజోల్, కీటోకొనజోల్ వంటి మందులు నడుస్తుండగా అది ఇస్తే ఒంట్లో దాని మోతాదు పెరిగిపోయి నరాల మీద విషప్రభావం చూపే ప్రమాదం ఉంది. మీ కుక్కకు ఈమధ్య ఎవరు ఏ సూది వేసినా ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. చూలుతో ఉన్న ఆడకుక్క అయితే ఆ విషయం ముందే చెప్పడం మరీ ముఖ్యం.

మాత్రలతో పాటు షాంపూ కూడా నాకు చాలా అవసరమనిపించింది, ఎందుకంటే మాత్ర లోపలి నుంచి పనిచేస్తుందే తప్ప బొచ్చు మీద ఇప్పటికే ఉన్న బీజాలను కడిగేయదు. మాకు 2 శాతం క్లోర్‌హెక్సిడిన్, 2 శాతం మైకొనజోల్ కలిసిన షాంపూను వారానికి రెండుసార్లు వాడమన్నారు. రుద్దిన తరువాత నురగను 10 నిమిషాలు అలాగే ఉంచి కడగాలి. అంతసేపూ కుక్క నాక్కోకుండా పట్టుకుని కూర్చోవడమే అసలైన శ్రమ, ఇంట్లో ఇద్దరుంటేనే సాగుతుంది.

మందుల షాపులో ఇచ్చిన క్రీమ్ కూడా పూస్తున్నామని రాశారు కదా, దాని గొట్టం మీద క్లోబెటసాల్ అనో బీటామెథసోన్ అనో ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. దురదా ఎరుపూ తగ్గి నయమైనట్టే కనిపిస్తుంది గానీ, చర్మపు రోగనిరోధక శక్తి తగ్గి ఫంగస్ మరింత పాకుతుంది, పైగా కుక్క దాన్ని నాకితే కడుపులోకి వెళుతుంది. మనుషుల తామరకు కూడా మన దేశంలో ఈ క్రీములు చేస్తున్న చేటు అంతా ఇంతా కాదు. కాలిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ పూయమని ఎవరైనా సలహా ఇస్తే అసలు వినకండి, అవి కుక్కకు విషం.

రాలిన వెంట్రుకల్లోని బీజాలు ఏడాదికి పైగా బతకగలవు. కాబట్టి రోజూ వెంట్రుకలు ఊడ్చి ఎత్తేయండి, పరుపు గుడ్డలు విడిగా ఉతకండి, నేలను ముందు సబ్బునీళ్లతో కడిగి ఆ తరువాత బ్లీచ్ నీళ్లతో తుడవండి, కానీ బ్లీచ్‌ను యాసిడ్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి. ఈ తామర మనుషులకూ అంటుకుంటుంది. మీ పాప కుక్కతో కలిసి పడుకుంటుందన్నారు, కల్చర్‌లో ఏమీ పెరగలేదని తేలేదాకా పడకలు వేరు చేయండి. పాప ఒంటి మీద గుండ్రటి మచ్చ కనిపిస్తే చర్మవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, ఇంట్లో కుక్కకు తామర ఉందని ముందుగానే చెప్పండి.